రేల పూస్తేనే పాట

2019లో హాంబర్గు వాద్యబృందమొకటి వివాల్డీ ‘నాలుగు ఋతువుల’ను వాతావరణ గణాంకాల ప్రకారం మార్చి వాయించింది. 1725లో అచ్చయిన ఆ సంగీతం కుదురు తప్పి వినిపించింది. ఋతువు గతి తప్పితే సంగీతమూ గతి తప్పుతుందని చెప్పడమే వారి ఉద్దేశం.

మన ములకలపల్లి అడవుల్లో ఈ సత్యానికి గణాంకాలు అక్కరలేదు. కోయలకు పూవు పేరే పాట పేరు: రేల. వేసవిలో పసుపుపచ్చని గుత్తులు వేలాడే ఆ చెట్టు పేరే, డోలు దెబ్బకు అడుగు కలిపే వారి ఆటపాటలకు పల్లవి.

కోయ కథాగాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. గాయకుని సన్మానించడం, పాటను రికార్డు చేయడం మంచివే. కాని ఎండలు ముదిరి రేల పూత కాలం తప్పితే, ఆ పల్లవి అర్థం లేని ధ్వనిగా మిగులుతుంది. పాటను కాపాడడమంటే చెట్టునూ, దాని ఋతువునూ కాపాడడమే.