కారు ఇంజను చౌకే, కానీ...

మా క్లాసులో విమానాల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు అంటారు: “పాత కారు ఇంజను పెట్టుకుంటే పోలా? విమానం ఇంజనుకు అంత డబ్బెందుకు?” అమెరికాలో సొంతంగా విమానం కట్టుకునేవాళ్ళలోనూ ఈ వాదన ఉంది. నేను ఒప్పుకోను.

వాళ్ళు చూపే సాక్షి బెర్నార్డ్ పీటెన్‌పోల్. మిన్నెసోటాకు చెందిన ఆయన 1929లో ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజనుతో చెక్క విమానం ఎగరేశాడు. నిజమే. కానీ దొరికిన ఇంజనునల్లా బిగించలేదు కదా! సుమారు 40 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజను నిదానంగా తిరిగేది, ప్రొపెల్లరును నేరుగా దానికే తగిలించాడు. ఇప్పటి పెట్రోలు కారు ఇంజను నిమిషానికి సుమారు 5,000 చుట్లు తిరిగితేగాని పూర్తి బలం ఇవ్వదు. ప్రొపెల్లరు అంత వేగంగా తిరిగితే దాని కొసలు ధ్వని వేగానికి దగ్గరపడతాయి; మోత పెరిగి లాగుడు తగ్గుతుంది. అందుకే మధ్యలో వేగం తగ్గించే గేర్లో బెల్టో కావాలి. ఇంజను అదుర్లకు అవి విరగకుండా చూడడమే అసలు తలనొప్పి. పైగా మామూలు విమానం ఇంజనులో ప్రతి సిలిండరుకూ రెండు స్పార్కు ప్లగ్గులు ఉంటాయి, ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. కారుకు అదెందుకు? ఆగితే రోడ్డు పక్కన నిలుపుకుంటాం.

మెకానిక్ షెడ్డు నడిపే మా చిన్నాయన్ని అడిగాను. “కారు ఇంజను ఎప్పుడన్నా ఫుల్లుగా లాగుతుందారా? ఘాటు ఎక్కేటప్పుడు కాసేపు, అంతే. డీజిల్ పంపుసెట్టు చూడు, గంటలకొద్దీ లోడు మీదే” అన్నాడు. విమానమూ అంతే. లేచేటప్పుడు పూర్తి బలం, ఆ తర్వాత గంటల తరబడి దాదాపు ముప్పాతిక బలం.

అసలు వద్దే వద్దని నేననను. గాలితోనే చల్లబడే ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజను ఎన్నో చిన్న విమానాల్లో ఉంది. జర్మనీలో మెర్సిడెస్ కారు డీజిల్ ఇంజనును మార్చి, విమానాలకు ధ్రువపత్రమే తెచ్చారు. ఊరికే వచ్చిందా అది? ఎన్ని పరీక్షలు చేసుంటారు! ఇంజను ధర మాత్రం చెప్పి, ఆ పరీక్షల ఖర్చు దాచే లెక్కతోనే నా తగాదా.

అమెరికాలో సొంతంగా కట్టిన విమానానికి ధ్రువీకరించిన ఇంజను, ప్రొపెల్లరు జత ఉంటే, చాలా కాలంగా ఉన్న పద్ధతి ప్రకారం 25 గంటలు పరీక్షగా ఎగరాలి. కారు ఇంజనైతే 40. అంతవరకూ ప్రయాణికుల్ని ఎక్కించకూడదు. ఈ లెక్క చెబితే చిన్నాయన చేతులు తుడుచుకుంటూ, “పదిహేను గంటలే ఎక్కువా? నేనైతే ఇంకో వంద అడుగుతా” అన్నాడు.