చేపల తొట్టెలో తెల్లదారాలు

మా పాప చేపల తొట్టె అద్దం మీద సన్నటి తెల్లదారాలు కదలడం మొదట కనిపెట్టింది మా అత్తమ్మ. విజిట్ వీసా మీద వచ్చి ఇంకా నెల కాలేదు. కళ్లజోడు సర్దుకుని తొట్టెకి మొహం ఆనించి చూసి, గబుక్కున వెనక్కి జరిగారు. “ఏందమ్మా ఇవి? నారికురుపు పురుగులు గాదు గదా!” అన్నారు.

ఆవిడ భయానికి కారణం ఆవిడ చీలమండ మీదే ఉంది. చిన్నప్పుడు రాయలసీమలో వాళ్ల ఊరి దిగుడుబావి నీళ్లు తాగి ఆవిడకి నారికురుపు వచ్చింది. పొక్కు చిట్లి పురుగు కొస బయటికి వస్తే, దాన్ని పుల్లకి చుట్టి రోజుకి కొంచెం కొంచెంగా లాగేవారట. మధ్యలో తెగిందంటే కాలు వాచిపోయి మంచమే గతి. ఆ మచ్చ చూస్తూ “ఏం కాదులెండి అత్తమ్మా” అనడానికి నాకు నోరు రాలేదు. పైగా అవేమిటో నాకూ తెలీదు. పాప రోజూ ఆ నీళ్లలో చేతులు పెడుతుంది. మావారు తొట్టె ఖాళీ చేసేద్దామన్నారు. పాప ఏడుపు లంకించుకుంది.

ఒక్కరోజు గడువు అడిగాను. బీఎస్సీలో బీజెడ్సీ చదివినదాన్ని, ఏలికపాము అడ్డుకోత బొమ్మ రికార్డులో ఎన్నిసార్లు వేశానో. ఆ చదువు ఈ తొట్టె దగ్గరైనా పనికి రాకపోతే ఎలా? పాప పుట్టినరోజుకి వచ్చిన మైక్రోస్కోపు అటక మీద నుంచి దించాను. నాలుగు వందల రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఈ పనికి అది చాలు.

మొదటి ప్రశ్నకి మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు. పురుగు ఎలా కదులుతోందో చూస్తే చాలు. సాగుతూ, ముడుచుకుంటూ పోయేది వానపాము చుట్టం. దాని ఒంటికి కణుపులు, పక్కన చిన్న వెంట్రుకలు ఉంటాయి. చదునుగా ఉండి, తల మీద రెండు కళ్లతో అద్దం మీద జారుతూ పోయేది ప్లనేరియా. సాగకుండా, ముడుచుకోకుండా, పాములా మెలికలు మాత్రమే తిరిగేది నెమటోడ్. దాని ఒంట్లో నిలువు కండరాలే ఉంటాయి, చుట్టుకండరాలు ఉండవు. అందుకే పొడుగవ్వలేదు, వంగడమే చేతనవును. ఆ వంగడం కూడా వీపు వైపుకీ పొట్ట వైపుకీ మాత్రమే. కాబట్టి పాకేటప్పుడు ఎప్పుడూ పక్కకి తిరిగి పడుకునే ఉంటుంది. మా తొట్టెలో రెండు జాతులూ ఉన్నాయి. అరంగుళం పొడుగున్నవి వానపాము చుట్టాలు. ఒకటి రెండు మిల్లీమీటర్ల దారాలు నెమటోడ్లు. అంటే అత్తమ్మ అనుమానం పూర్తిగా తప్పేమీ కాదు. నారికురుపు పురుగూ నెమటోడే, ఏలికపామూ నెమటోడే.

అయితే ఏ నెమటోడ్? ఇక్కడే అసలు చిక్కు. మంచినీళ్లలో బతికే నెమటోడ్లలో ఇప్పటికి పేరు పెట్టినవే సుమారు 1800 జాతులు. పైనుంచి చూస్తే అన్నీ ఒకటే, రెండు కొసలా సన్నబడిన దారం. కాళ్లు లేవు, రంగు లేదు. వేరు చేసి చెప్పేది వాటి నోరూ గొంతూ. దానికి కారణం ఉంది. నెమటోడ్ శరీరం గాలి దట్టించిన సైకిల్ ట్యూబు లాంటిది, లోపల ద్రవం ఒత్తిడి ఎక్కువ. ఆ ఒత్తిడికి పేగు నొక్కుకుపోయి ఉంటుంది. దాన్ని ఎదిరించి తిండి లోపలికి తోయాలంటే గొంతు బోరుపంపులా పనిచెయ్యాలి. ఆ పంపు ఆకారం తిండిని బట్టి మారుతుంది. అందుకే గొంతు చూస్తే అది ఏం తింటుందో చెప్పొచ్చు.

స్లైడు మీద నీటిబొట్టు వేసి, కింద టేబుల్ ల్యాంపు వేడి కాసేపు తగలనిస్తే పురుగు నిటారుగా సాగి కదలకుండా ఆగుతుంది. (పాపకి ఈ భాగం చెప్పలేదు.) తల వైపు చూడాలి. నోరు సన్నటి గొట్టంలా ఉండి, గొంతు చివర ఉల్లిగడ్డలా ఉబ్బి, ఆ ఉబ్బులో కవాటం తిరగలిలా ఆడుతుంటే అది రాబ్డిటిస్ తరహా, బ్యాక్టీరియా తినేది. నోట్లో బోలు ఈటె ఉండి దాన్ని బయటికి పొడుస్తుంటే డోరిలైమస్ తరహా. నోరు పీపాలా వెడల్పుగా ఉండి లోపల పెద్ద పన్ను కనిపిస్తే మోనాంకస్. అది తోటి నెమటోడ్లనే మింగుతుంది. గొంతు ఉబ్బు లేకుండా నునుపుగా ఉండి, తోక కొసన జిగురు వదిలి రాయికి అతుక్కునేది మోన్‌హిస్టెరా కావచ్చు. ఈ డోరిలైమస్, మోనాంకస్ కుటుంబాల మీద మన దేశంలో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వాళ్లు పుస్తకాలే రాశారు.

ఇక కొలతలు. పందొమ్మిదో శతాబ్దిలో డి మాన్ అనే డచ్ ఆయన చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు. మొత్తం పొడవుని ఒంటి వెడల్పుతో, గొంతు పొడవుతో, తోక పొడవుతో విడివిడిగా భాగించాలి. ఆ మూడు అంకెలూ పురుగుకి ఆధార్ కార్డు లాంటివి. నేను పాప ప్లాస్టిక్ స్కేలు లెన్సు కింద పెట్టి మిల్లీమీటరు గీతలతో పోల్చాను. నాలుగు పురుగులకి నాలుగు రకాల అంకెలు వచ్చాయి. జాతి పేరు తేల్చడం నా వల్ల కాదు. దానికి మగ పురుగు అవయవాలు కూడా చూడాలి, ఇంకా మంచి లెన్సు కావాలి. పైగా 1998లో డీఎన్ఏ పోల్చి వేసిన వంశవృక్షం వచ్చాక, ఒకే పోలిక ఉన్నవన్నీ దగ్గరి చుట్టాలు కావని తేలింది.

నాకు కావలసినంత మటుకు దొరికింది. చూసిన అన్నిటికీ గొంతులో ఉల్లిగడ్డ, అందులో కవాటం. నీళ్లలో స్వేచ్ఛగా బతికి బ్యాక్టీరియా తినేవి. నారికురుపు పిల్లపురుగు అలా కాదు. నీళ్లలో దానికి తిండే లేదు. కొరడాలాంటి పొడుగు తోకతో ఈది సైక్లాప్స్ అనే నీటిపురుగు నోట్లో పడాలి. ఆ సైక్లాప్స్‌ని నీళ్లతోపాటు మనం మింగితే, ఏడాదికి మీటరు దాకా పెరిగిన ఆడపురుగు కాల్లోంచి బయటికొస్తుంది. ఆ కాలు మళ్లీ బావిలో పెడితే పిల్లలు నీళ్లలోకి. పుండున్న ఒళ్లు నీళ్లలో దిగకపోతే దాని కథ అక్కడితో సరి. మన దేశంలో చివరి కేసు 1996లో. 2000లో లేదని ప్రకటించారు. 1986లో ప్రపంచమంతా కలిపి 35 లక్షల కేసులుండేవి, 2023లో మనుషుల్లో 14. మందూ లేదు, టీకా లేదు. నీళ్లు బట్టలో వడగట్టి, పుండున్నవాళ్లని నీళ్లలో దిగనివ్వకుండా చేసిన పని అది.

మరి ఇక్కడికి ఈ పురుగులెలా వచ్చాయి? కువైట్‌లో నది లేదు. సల్వాలో మా కుళాయికొచ్చేది చాలావరకు ఉప్పు తీసిన సముద్రపు నీరే. దుకాణం నుంచి తెచ్చిన నీటిమొక్కల వేళ్లతో వచ్చి ఉంటాయి. ఇంతగా పెరగడానికి కారణం మాత్రం మా పాపే. చేపలకి రోజుకి మూడుపూటలా గుప్పెడు తిండి. మిగిలింది అడుగున కుళ్లింది, బ్యాక్టీరియా పెరిగింది, దాన్ని తినేవాళ్లూ పెరిగారు. ఇప్పుడు ఒక్కపూటే, చిటికెడే. వారానికోసారి అడుగు గులకరాళ్ల మధ్య చెత్త గొట్టంతో లాగి, మూడోవంతు నీళ్లు మారుస్తున్నాం. మందేమీ వెయ్యలేదు. తొట్టె ఉంది. చేతులు సబ్బుతో కడుక్కోవాలన్న నియమం మాత్రం కొత్తగా వచ్చింది.

అత్తమ్మని కూర్చోబెట్టి చూపించాను. చాలాసేపు కన్ను తియ్యలేదు. “గొంతులో ఏందో తిరగతాండాదే” అన్నారు. తర్వాత చీలమండ తడుముకుంటూ, “మా కాలంలో అవ్వ పంచె నాలుగు మడతలేసి కుండ మూతికి కట్టేది. ఆ సైక్లాప్సు అందులోనే ఆగిపోయేదన్నమాట. ఊరు దాటి పోయినప్పుడు తాగిన నీళ్లలో వచ్చినట్టుంది నాకు” అన్నారు.

పాప నోటుబుక్కులో ఇప్పటికి ఆరు గొంతుల బొమ్మలున్నాయి. మోనాంకస్ ఇంకా దొరకలేదు. పూలకుండీ కింది పళ్లెంలో నీళ్లు చూద్దామంటోంది.