వేడుక చూచువారు, వెంట నిలుచువారు

నెల్లూరు జిల్లా పడమటి సీమలో సెల్‌ఫోను లేని యువకుని వెదకి చూపుట నేడు కష్టము. ఉదయగిరి కొండ క్రింద మేకలు తోలుకొని పోవువాడు మొదలు ఆత్మకూరు పట్టణములో ధాన్యము బేరమాడు పెద్దమనిషి వఱకు అందఱును ఏదో యొక వాట్సాపు గ్రూపునకు చెందినవారే. ఊరి పేర నొక ఫేస్‌బుక్కు పుట, కులము పేర నొకటి, దేవాలయమున కొకటి, పార్టీకి రెండు. ఇన్ని వేదికలున్నవి గదా, వినువారెవరు, విని బదులు చెప్పువారెవరు అని యడిగినచో మాత్రము పుట తెఱచినవారు లెక్కలు చూపుదురు. ఇన్ని వేలమంది చూచిరట, ఇన్ని వందలమంది లైకు కొట్టిరట. తిరునాళ్లలో రంగులరాట్నము చుట్టు మూగినవారి లెక్కయు నిట్టిదే. రాట్నము ఆగిన తోడనే ఎవరి దారిన వారు పోవుదురు.

ఇది పిల్లల యాటయని మేము త్రోసివేయుట లేదు. ఉదయగిరి మెట్ట సీమ. వాన తప్పినచో పైరు తప్పును, త్రాగునీటికిని ఇబ్బంది. ఇట్టి సీమ కష్టసుఖములు నెల్లూరి కచేరీ వఱకు చేరవలెనన్నచో పూర్వము విలేఖరి దయయు, నాయకుని తీరికయు కావలసియుండెను. నేడు కూలివాని చేతిలోని ఫోనే ముద్రాయంత్రము, అదియే తపాలా. ఇంతటి సాధనము చేతికి వచ్చిన పిదప దానిని ఉదయపు శుభాకాంక్షల పూలబొమ్మలకును, నాయకుల జన్మదినముల పటములకును వ్యయపఱచుట చూచి మాకు విచారము కలుగుచున్నది.

శ్రోతలను కూడగట్టుట యెట్లో తెలిసికొనుటకు దూరదేశపు గ్రంథములు తిరుగవేయ నక్కఱలేదు. ఈ సీమలోనే, కలిగిరి మండలములో, దూబగుంట యున్నది. 1990, 91 సంవత్సరముల ప్రాంతమున నెల్లూరు జిల్లాలో ‘అక్షరదీపము’ అను సంపూర్ణ అక్షరాస్యతా ప్రచారము సాగెను. రాత్రి బడులలో వయోజనులకు, విశేషముగా స్త్రీలకు, అక్షరములు నేర్పిరి. ఆ వాచకములో సారా వలని బాధను చెప్పు సీతమ్మ కథ యొకటి యుండెను. పగలంతయు పొలములో వంగి రాత్రి పలక పట్టిన స్త్రీ ఆ పాఠములో తన యింటినే చూచుకొనెను. తన మగనికి వచ్చిన కూలి ఏ దుకాణమున ఖర్చగుచున్నదో ఆమెకు ఒకరు చెప్పనవసరము లేదు. కాని ప్రక్కన కూర్చున్నదానికి కూడ అదే గతియని పదిమంది నడుమ తెలిసికొనుట క్రొత్త. బడి ముగిసినను మాటలు ముగియలేదు. వర్ధినేని రోశమ్మ మున్నగు స్త్రీలు కూడి ఊరి సారా దుకాణమును మూయించిరి.

అటుపిమ్మట జరిగినది మఱింత గమనింపదగినది. దూబగుంట స్త్రీల కథయే తరువాతి వాచకములో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పాఠమయ్యెను. నిన్న పాఠము చదివినది నేడు పాఠములోని మనిషి! అది చదివిన యితర గ్రామముల స్త్రీలు తమ యూళ్లలోను ఆ పనికే పూనుకొనిరి. 1992లో సారా వేలముపాటలు సాగనీయలేదు. ‘ఈనాడు’ పత్రిక యీ సమరమునకై ప్రత్యేకముగా పుటనే కేటాయించెను. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాయందును, ఆ యేటి అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలింపబడెను. అది వేఱొక కథ.

ఆనాడు ఫేస్‌బుక్కు లేదు, యూట్యూబు లేదు. వాచకము వ్రాసినవారు చదువరుల సంఖ్యను చూచి మురిసి యూరకుండలేదు. చదువరి బ్రదుకును విషయముగా గైకొనిరి. ఆమె పలుకుబడిలో వ్రాసిరి. ఆమె చేసిన పనిని మరల ఆమె తోడివారికే చదివి వినిపించిరి. అన్నిటికంటె ముఖ్యము, చదివినవారికి చేయుటకు ఒక పని కనబడెను. ‘మద్యపానము హానికరము’ అను సూక్తి గోడమీద చాలకాలము నుండి యున్నదే. ‘ఈ ఊరి యీ దుకాణము’ అన్నప్పుడు గదా కాళ్లు కదలినవి!

ఉదయగిరి పట్టణములోని కొయ్య చెంచాల పనివారి సంగతి యిప్పుడు చెప్పవలెను. నర్ది, బిక్కి, దేవదారు మొదలగు కొయ్యలతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కు కుటుంబములు అక్కడ గలవు. స్త్రీలే విశేషముగా నీ పని చేయుదురు. ఈ కొయ్యపనికి కేంద్ర ప్రభుత్వము వారి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. గుర్తింపు పత్రము గోడకు తగిలించుటకు బాగుండును. చెంచా కొనువాడు కావలెను గదా. ఆ కొనువాడు హైదరాబాదులో నున్నాడు, బెంగుళూరులో నున్నాడు, అమెరికాలోని తెలుగువారి వంటింటిలో నున్నాడు. అతనిని చేరుటకు నేడు ఫోనే దారి.

అయితే మన ప్రాంతపు చేతిపనుల పుటలు సామాన్యముగా నడచు తీరేమి? తళతళలాడు వస్తువుల పటములు పది. క్రింద ఒకరు వెల యెంతయని యడుగుదురు. మూడవనాటికి, ఇన్‌బాక్సు చూడుడని జవాబు. అడిగినవారు అప్పటికి వేఱొకచోట కొనియుందురు. అంగడికి వచ్చినవానిని కూర్చుండుమని పలుకరింపని వర్తకుడు ఉదయగిరిలో లేడు. ఆ మర్యాద ఫోనులోనికి మాత్రము ఏల రాలేదో మాకు బోధపడదు. చెంచా పటము కంటె చెంచా పుట్టుక చూపుట మేలు. పచ్చి కొయ్యను ఎట్లు ఆరబెట్టుదురు, ఆకురాయి ఏ వైపునకు నడచును, పిడిమీద పూవు తీర్చుటకు ఎంతసేపు పట్టును, చేయి జాఱినచో ఎన్ని గంటల పని పాడగును, ఇవి చూచినవాడు వెల హెచ్చని యనడు. మఱియు కొన్నవాని వంటింటి నుండి వచ్చిన పటమును పనిచేసిన యామెకు చూపి, ఆమె చెప్పిన మాటను అతనికి చేర్చినచో ఆ యిరువురి నడుమ బేరమునకు మించిన సంబంధ మేర్పడును. దూబగుంట పాఠము వంటిదే యిదియు.

పల్లెమాటకు శ్రోతలుండరను సందేహము తీఱి చాలకాలమైనది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి యువకులు 2012లో మొదలిడిన ‘మై విలేజ్ షో’లో గంగవ్వ తన యూరి మాటనే మాటలాడెను, ఎవరి యాసను అరువు తెచ్చుకొనలేదు. తెనాలి ప్రాంతపు మస్తానమ్మ, వంద యేండ్లు దాటినదని చెప్పబడు వృద్ధురాలు, పొలము గట్టున పొయ్యి పెట్టి వండగా ప్రపంచమంతట లక్షలమంది చూచిరి. ఆమె 2018లో పరమపదించెను. వీరెవరును ఒక్క వారములో ప్రఖ్యాతి పొందినవారు కారు. మన యువకులు పది వీడియోలు పెట్టి, పదునొకండవ నాటికి నిరుత్సాహపడి పుట మూసివేయుచున్నారు. ఉదయగిరి దుర్గమును కృష్ణదేవరాయలంతటివాడు 1513లో ముట్టడించి 1514లో గాని పట్టలేకపోయెనను సంగతి ఈ యూరివారికి మేము గుర్తుచేయవలెనా?

భూస్వాములైన మా పాఠకులకు వెంటనే తెలియు విషయ మింకొకటి గలదు. ఈ పుటలన్నియు కౌలుభూములు. పట్టా మనది కాదు. 2020 జూన్ 29వ తేదీన మన ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధింపగా, ఏండ్ల తరబడి అక్కడ శ్రోతలను కూర్చుకొన్న తెలుగువారెందఱో ఒక్కసారిగా మాగాణి కోల్పోయిన కౌలుదారులైరి. నిషేధము తగునా తగదా యను చర్చ ఇక్కడ ప్రస్తుతము కాదు. కంపెనీవారు తమ లెక్కలు మార్చుకొన్నను అంతే. నిన్న వేయిమందికి కనబడినది నేడు నూఱుమందికి కనబడదు. కావున కొన్నవారి పేర్లు, ఊళ్లు, ఫోను సంఖ్యలు వారి సమ్మతితో ఒక పుస్తకములో వ్రాసికొని బీరువాలో నుంచుకొనుడని పనివారికి చెప్పుచున్నాము. పాతకాలపు సలహాయే కాని, ఆ పుస్తకమును ఎవరును నిషేధింపజాలరు.

శ్రోతలు చుఱుకుగా స్పందించిన చాలునను వాదమును కూడ మేము అంగీకరింపము. 2018 మే నెలలో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను పుకారు వాట్సాపులో పాకగా తెలుగు ప్రాంతములలో నిరపరాధులను పట్టి కొట్టిరి, ప్రాణములు పోయినవి. ఆ కొట్టినవారును స్పందించిన శ్రోతలే! ఆ యేటి జూలైలో వాట్సాపు సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకేసారి అయిదింటికి మించి పంపరాదని కట్టడి చేసెను. దూబగుంట స్త్రీలు తాము కన్నులార చూచినదానిపై లేచిరి; వీరు ఎవరో పంపినదానిపై లేచిరి. గ్రూపు నడుపు పెద్ద, వచ్చిన ప్రతి వార్తను ఎవరు చూచిరి, ఎప్పుడు చూచిరి అని యడిగి గాని నిలువనీయరాదు.

ఇక ఆత్మకూరు వైపు. అనంతసాగరము మండలములో పెన్నపై సోమశిల జలాశయమున్నది. నీరు ఎప్పుడు వదలుదురు, కాలువ ఎక్కడ పూడినది, ధాన్యమున కే అంగడిలో ఏ వెల పలుకుచున్నది, ఇవి రైతుల గ్రూపులలో నడువవలసిన మాటలు. అవి ఏల నడువవు? మేము విచారించినంతలో కారణము సాంకేతికము కాదు. గ్రూపులో పొలము గల ఆసామి యున్నాడు, దానిని కౌలుకు చేయువాడును ఉన్నాడు. ఆసామి ముందు కౌలుదారు నోరు మెదపడు. రచ్చబండ వద్ద ఎవరు అరుగుపై కూర్చుందురో, ఎవరు దూరముగా నిలువబడుదురో, ఆ వరుసయే ఫోనులోనికి వచ్చి కూర్చున్నది. మూడువందల మంది గల గ్రూపులో మాటలాడువారు ఆర్గురు. తక్కినవారు నమస్కారపు గుఱుతులు పెట్టువారు. దీనిని శ్రోతల యనాసక్తి యని పెద్దలు పేర్కొనుచున్నారు.

పడమటి సీమలోని భూస్వాములను, పట్టణపు పెద్దలను మేము కోరునది కొంచెమే. కాలువ చివరి కౌలుదారు ఎండిన బోదె పటము నొకదానిని గ్రూపులో పెట్టిననాడు దాని క్రింద మొదటి జవాబు ఆ యూరి ఆసామి వ్రాయవలెను. వ్రాసి, మఱునాడు ఆ పటమును తీసికొని ఇంజనీరు గారి కచేరీకి తానే పోవలెను. పోయి, అక్కడ వారేమనిరో సాయంకాలమున కదే గ్రూపులో చెప్పవలెను.