వేషం విప్పే చోటు

పెద్దవాళ్లు వేషాలు కట్టి ఆడుకోవడం పిల్లచేష్ట అంటారు కొందరు. నాకా మాట నచ్చదు. పగటివేషగాణ్ణి వాకిట్లో నిలబెట్టి, పద్యం చెప్పించుకుని, చేటెడు బియ్యం పోసి పంపిన జాతి మనది. 1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ అనే యిద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట తెచ్చారు. నలుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు. పాచికలు దొర్లుతాయి, కథ నడుస్తుంది. ఆట కాగానే ఎవరిళ్లకు వాళ్లు పోతారు. యిందులో మోసమేముంది?

ఫ్రీమేసన్ల సంగతి చూడండి. లండనులో వాళ్ల గ్రాండ్ లాడ్జి 1717లో వెలిసింది. మూడో మెట్టు ఎక్కే సభ్యుడు, సాలమన్ చక్రవర్తి దేవాలయం కడుతూ హత్యకు గురైన హైరాం అనే శిల్పి పాత్ర ధరించాలి. అదీ నాటకమే. తలుపులు మూసి ఆడతారు, అంతే తేడా.

యిక ఫ్రాయిడు. రోగి తన తండ్రి మీది కోపాన్ని తెలియకుండానే వైద్యుడి మీద చూపుతాడన్నాడు. అంటే వైద్యుడికి తండ్రి వేషం కట్టేస్తాడన్నమాట! కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు 1922లోనే మనోవిశ్లేషణ సంఘం పెట్టాడు. వాళ్లు చెప్పేదంతా నేను నమ్మను. మనకు తెలియకుండా కట్టిన వేషమే ప్రమాదమన్న ఒక్కమాట మాత్రం నమ్ముతాను.

సాక్ష్యానికి వియన్నా దాకా పోనక్కరలేదు. విశాఖపట్నం చాలు. గురజాడవారి ‘కన్యాశుల్కం’ చివరి అంకం తలచుకోండి. వకీలు సౌజన్యారావు పంతులు యాంటీనాచి పట్టుదల గలవాడు. సానివాళ్ల పొడ గిట్టదు. మధురవాణి మగవేషంలో వచ్చింది గనుక ఆమె మాట విన్నాడు. లుబ్ధావధాన్లు మీది ఖూనీ కేసు వట్టిదని తెలిసింది. పని కాగానే ఆమె తానెవరో చెప్పేసింది. పంతులు మంచివాడే. కాని ఎవరి ముఖం చూడకూడదో ముందే నిర్ణయించుకున్నాడు. ఆ పట్టింపే గెలిస్తే ఒక ముసలివాడి మెడకు వురి బిగిసేది.

అందుచేత ఆట ఆడండి, సంఘంలో చేరండి. చేరేముందు ఒక్కటి అడగండి: యిక్కడ ఎవరి మాట వినకూడదంటారు? వేషం ఎప్పుడు విప్పనిస్తారు?

యింకొక్క మనవి. చినవాల్తేరు మానసిక వైద్యశాల పేరెత్తి ఎగతాళి చేసేవాళ్లున్నారు. ఆ ఎగతాళికి జడిసి, ‘నాకేం, దివ్యంగా వున్నాను’ అనే వేషంతో కుమిలేవాళ్లూ వున్నారు. ఆ వేషం విప్పుకునే చోటుకు దారి మూసే హాస్యం హాస్యం కాదు.