విరిగింది మార్చితే రిపేరయినట్టేనా?

మోటారు రిపేరు చేసేవాళ్లను నేను రెండు జాతులుగా విడదీస్తాను. బండి ఆగీ ఆగకముందే స్పానరు చేతిలోకి తీసుకునేవాడు మొదటి జాతి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎప్పుడు విరిగింది? అప్పుడు ఏ గేర్లో ఉన్నారు? రోడ్డు మీదా, చేలోనా?" అని అడిగేవాడు రెండో జాతి. మొదటి జాతి ఏడాదికేడాది పెరుగుతోంది. రెండో జాతి తరిగిపోతోంది. ఈ నాలుగు ముక్కలూ ఆ రెండో జాతి తరఫున నేను పుచ్చుకున్న వకాల్తా అనుకోండి.

ప్రేమ కవితలకూ, యువతరం బాధ్యతల మీద వ్యాసాలకూ మధ్య ఈ గ్రీజు మరకేమిటని ఎడిటరుగారు కళ్లెర్రజేయవచ్చు. మన్నించాలి. మా ఇంట్లో ఆర్నెల్ల సంసారం ఈ గ్రీజు మీదే నడుస్తుంది మరి.

మాది అనకాపల్లి అవతల, కొండల కింద ఊరు. చెరకు వేస్తాం, బెల్లం వండుతాం. నరికిన చెరకు రోజులు గడిచేకొద్దీ ఎండి, రసం చెడుతుంది. గానుగ ఆగకూడదు, వండిన బెల్లం మార్కెట్టుకు చేరడమూ ఆగకూడదు. చేనులోంచి తారురోడ్డు దాకా మైలు దూరం బురదబాట. ఆ బాటలో బరువుతో నడిచేది మా పాత ఫోర్‌వీల్ జీపొక్కటే. వెనక టాపు తీసేసి, చెక్కలు బిగించి, చిన్న లారీలాగా వాడతాం. గత సీజన్లో నెల తిరక్కుండా దాని వెనక షాఫ్టు క్రాసు జాయింటు రెండుసార్లు విరిగింది. మొదటిసారి వర్కుషాపువాళ్లు క్రాసు మార్చారు. రెండోసారీ క్రాసు మార్చి, "ఇది ఇలా ఆగదండీ, ట్రాన్స్‌ఫర్ గేరుపెట్టె పోయింది, క్రౌను పినియను కూడా మార్చెయ్యాలి" అన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు మా గానుగ మీద ఆ ఏడు మిగిలేదానికంటే ఎక్కువ. నా హాస్టలు మెస్సు బిల్లు ఆ లెక్కలో ఎక్కడుండేదో వేరే చెప్పక్కరలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జీపనేది 1941లో అమెరికా సైన్యం కోసం తయారయింది. విల్లీస్, ఫోర్డు కలిసి యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా చేశాయి. యుద్ధం తర్వాత మన దేశంలోనే బిగించడం మొదలై, మన ఏజెన్సీ సంతల దాకా ఎక్కింది. దాని అడుగుభాగంలో దాపరికమంటూ ఏమీ లేదు. ఇంజను, క్లచ్చి, గేరుబాక్సు, దాని వెనక ట్రాన్స్‌ఫర్ పెట్టె, అక్కణ్ణించి ముందుకొక షాఫ్టు, వెనక్కొక షాఫ్టు. ఒక్కొక్క షాఫ్టుకి రెండు కొసలా రెండు క్రాసులు. అంతే. బోర్లా పడుకుని చూస్తే పదో తరగతి కుర్రాడికి కూడా అర్థమయే యంత్రం. ఇంత విప్పి చెప్పినట్టున్న యంత్రానికి కూడా వరసగా ఒక్కొక్క పార్టూ మార్చుకుంటూ పోవడమే వైద్యమైతే, అది యంత్రం తప్పు కాదు.

క్రౌను పినియను మాట వినగానే నాన్న బండిని ఇంకో మేస్త్రి దగ్గరికి తోలించాడు. డెబ్భై దాటిన మనిషి. షెడ్డు కూడా లేదు, చింతచెట్టు కిందే. ఆయన చేసిన పని వరస మీరు గమనించాలి, నా వాదనంతా ఆ వరసలోనే ఉంది.

ముందు బండిలో కూర్చుని మైలు దూరం తోలించాడు. ఒక వేగం వచ్చాక గేరు న్యూట్రల్లోకి తీసి, ఇంజను ఆపించి దొర్లనిచ్చాడు. అదురు పోలేదు. అంటే ఇంజనూ, క్లచ్చీ కేసులోంచి కొట్టుకుపోయాయి. యాక్సిలరేటరు తొక్కినప్పుడూ వదిలినప్పుడూ ఊళ మారుతుందా అని చెవి పెట్టాడు. క్రౌను పినియను అరిగితే ఆ ఊళ బరువుకొద్దీ మారుతుందట. ఇక్కడ ఊళే లేదు. తర్వాత సమంగా ఉన్న చోట ఆపించి, నాలుగు చక్రాలకీ రాళ్లు పెట్టించాడు.

రాళ్లెందుకన్నది కూడా చెప్పి తీరాలి, ప్రాణాల మీద సంగతి కాబట్టి. ఈ పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాల్ని పట్టదు, ట్రాన్స్‌ఫర్ పెట్టె వెనక షాఫ్టుని పడుతుంది. ఒక వెనక చక్రం జాకీతో లేపితే, షాఫ్టు బిగిసే ఉన్నా డిఫరెన్షియల్ తన పని తాను చేస్తుంది. లేచిన చక్రం ఒకవైపు తిరుగుతుంది, నేల మీది చక్రం రెండోవైపు దొర్లుతుంది. బండి మీదికి వస్తుంది. వెనక షాఫ్టు విప్పేశారా, ఇక హ్యాండ్‌బ్రేకే లేదు. బండి కింద పడుకునే ప్రతి కుర్రాడికీ ముందు ఇది చెప్పాలి.

డిఫరెన్షియల్లో నూనె కొంచెం తీసి వేళ్ల మధ్య రుద్దాడు. నునుపుగా ఉంది, పెంకుల్లేవు. "క్రౌను పినియను ఎవడు పోయిందన్నాడు?" అన్నాడు. అక్కడే మాకు సగం డబ్బు మిగిలింది. తర్వాత షాఫ్టుని చేత్తో తిప్పి చూసి నవ్వాడు. షాఫ్టు మధ్యలో జారే ముక్క ఉంటుంది, దాని మీదా షాఫ్టు మీదా బాణం గుర్తులుంటాయి. బిగించేటప్పుడు రెండు బాణాలూ ఎదురెదురు రావాలి. మా బండికి రాలేదు.

ఈ బాణాల కథలో మనం చదివే ఫిజిక్సు బోలెడుంది. స్ప్రింగు సూత్రం రాసిన రాబర్టు హుక్కు మనందరికీ తెలుసు. ఆ 17వ శతాబ్దపు హుక్కు పేరే ఈ జాయింటుకీ ఉంది, పాఠంలో మాత్రం ఆ ముక్క రాలేదు. ఒక్క క్రాసు వంపులో తిరిగితే అటు వేగం సమంగా ఉన్నా ఇటు సమంగా ఉండదు. చుట్టుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. వంపు 15 డిగ్రీలైతే ఆ పెరుగుదలా తగ్గుదలా నూటికి మూడున్నర పాళ్లు దాకా ఉంటాయి, కొసైను పట్టిక చూసి మీరే లెక్కగట్టుకోవచ్చు. రెండో కొసనున్న క్రాసు ఆ హెచ్చుతగ్గుల్ని చెరిపేస్తుంది, రెండు ఫోర్కులూ ఒకే తలంలో ఉంటేనే. బాణాలు తప్పితే చెరపడానికి బదులు కలుపుతుంది. అదే మా అదురు.

సరే, దొరికింది గదా అనుకున్నాం. ముసలాయన ఒప్పుకోలేదు. "ఇది అదురుకి కారణం బాబూ, విరగడానికి కాదు. ఈ తప్పు మొదటి క్రాసు మార్చినప్పుడు చేసింది. మరి ఆ మొదటి క్రాసెందుకు విరిగింది?" అన్నాడు.

లాజిక్కు చెప్పే లెక్చరర్లెవరైనా ఉంటే ఈ ప్రశ్న ముందు ఒక్క క్షణం ఆగమని మనవి. ఒక కారణం దొరగ్గానే ఆగిపోవడం చదువుకున్నవాళ్లకీ మహా అలవాటు.

ఆయన చివరికి ఫోర్‌వీల్ రాడ్డు పట్టుకుని లాగాడు. రాలేదు. "అది ఎప్పుడూ అంతే, పట్టేస్తుంది" అన్నాడు నాన్న. ఆయన బండిని నాలుగడుగులు తిన్నగా రివర్సు చేయించి మళ్లీ లాగాడు. వెన్నలా వచ్చేసింది. ఆపైన సుద్దముక్కతో ముందు టైరుకీ వెనక టైరుకీ గుర్తు పెట్టించి, తిన్నగా తోయించాడు. వెనక టైరు పది చుట్లు తిరిగేసరికి ఎంత దూరం, ముందు టైరు పది చుట్లకు ఎంత దూరం అని టేపుతో నన్నే కొలవమన్నాడు. 60 సెంటీమీటర్లకు పైనే తేడా వచ్చింది. బరువు వెనకుంటుందని నాన్న కొత్త టైర్లు వెనక వేయించాడు, అరిగినవి ముందుకి మార్చాడు. అందరు రైతులూ చేసేదే.

ఇక లెక్క నేను చేశాను. వెనక చక్రం వ్యాసార్ధం 36 సెంటీమీటర్లు, ముందుది 35. కిలోమీటరుకి వెనకది 442 చుట్లు తిరగాలి, ముందుది దాదాపు 455 తిరగాలి. యుద్ధకాలపు జీపుల యాక్సిలు నిష్పత్తి 4.88 తీసుకుంటే, ముందు షాఫ్టు వెనక షాఫ్టు కంటే కిలోమీటరుకి సుమారు 60 చుట్లు ఎక్కువ తిరగాలి. కాని ఫోర్‌వీల్ వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ పెట్టె రెండు షాఫ్టుల్నీ ఒక్కటిగా కట్టేస్తుంది. మధ్యలో సర్దుబాటు చేసే డిఫరెన్షియల్ వీటిలో లేదు. ఆ 60 చుట్లు ఎక్కడికి పోవాలి? బురదలో టైరు జారుతుంది, ఎవరికీ నష్టం లేదు. తారురోడ్డు మీద జారడానికి రోడ్డు ఒప్పుకోదు. షాఫ్టులు తువ్వాలు పిండినట్టు మెలి తిరుగుతాయి. దానికి తోడు మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి, ఆ తేడా కూడా ఇదే దిక్కున వచ్చి కలుస్తుంది. వెనక షాఫ్టు బండినీ తోయాలి, బిగబట్టిన ముందు చక్రాల్నీ ఈడ్చాలి. అంత బరువూ వేలెడంత క్రాసు మీద. ఆ మెలిక వల్లే రాడ్డు పట్టేస్తుంది. రాడ్డు రాదు గదా అని అలాగే అనకాపల్లి దాకా తోలేవాళ్లం. జబ్బే తన మందు సీసాకి బిరడా బిగించిందన్నమాట.

నాలుగు టైర్లూ సమం చేసి, బాణాలు కలిపి, క్రాసులకి గ్రీజు కొట్టి, తారెక్కే ముందు రాడ్డు తియ్యమన్నాడు. ట్రాన్స్‌ఫర్ పెట్టె విప్పనేలేదు. ఆ సీజనంతా మళ్లీ క్రాసు విరగలేదు. ఆయన తీసుకున్న కూలి రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

ఇప్పుడు మన కాలేజీ మాట. మూడేళ్లుగా ప్రాక్టికల్సు చేస్తున్నాం. లోలకం తిప్పితే 980 రావాలని గది లోపలికి అడుగు పెట్టకముందే మనకు తెలుసు. 940 వస్తే ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగారా? దారం పొడవు ఎక్కడిదాకా కొలిచాం, ఊపు ఎంత వెడల్పు, స్టాప్‌వాచీ నొక్కిన వేలు ఎంత ఆలస్యం, ఇవేవీ ఎవరికీ పట్టవు. రికార్డులో 978 రాసి, అంకెల్ని వెనక్కి నడిపించి పట్టిక నింపుతాం. జీపుకి రివర్సు గేరు మెలిక విప్పడానికి పనికొచ్చింది, మనకి మార్కులకు పనికొస్తోంది. సున్నా తప్పిన గాల్వనామీటరు దొరికితే ల్యాబు అటెండరు దాన్ని పక్కన పెట్టి మంచిది తెచ్చిస్తాడు. ఆ పక్కన పెట్టినదే నాకు కావాలంటున్నాను. అదే అసలు పాఠం.

ఇది ఐ.టి.ఐ. కుర్రాళ్ల పని, డిగ్రీ వాళ్లదేమిటి అనేవారున్నారు. అన్నవారిలో నా రూమ్‌మేటు కూడా ఒకడు. చేతికి గ్రీజంటితే చదువు తక్కువవుతుందన్న ఈ భయం మనకెక్కడిదో గాని, ఆ ముసలాయన చేసిన దానికీ సైంటిస్టు చేసే దానికీ నాకు తేడా కనబడలేదు. ఒక్కొక్క అనుమానాన్నీ చవగ్గా, తేలిగ్గా కొట్టేసే పరీక్ష ముందు చేశాడు, ఖరీదైనది చివరికి మిగిల్చాడు. కొత్త బండ్లకు స్కానరు పెడితే చాలు, లోపం అదే చెబుతుందంటారు ఇంకొందరు. స్కానరు ఒక కోడు ఇస్తుంది. ఆ కోడు లోపం ఎక్కడ తెలిసివచ్చిందో చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. కోడు చూసి పార్టు మార్చేవాడు మొదటి జాతిలోకే వస్తాడు, చేతిలో స్పానరుకి బదులు తెరుంది, అంతే తేడా.

లెక్చరరుగార్లకు నా విన్నపం చిన్నదే. టర్ముకొక్క ప్రాక్టికలు, చెడిన పరికరం మీద పెట్టండి. ఏం చెడిందో మాకు చెప్పకండి. జవాబుకి సగం మార్కులే ఇచ్చి, మిగతా సగం ఏది ముందు అనుమానించాం, దాన్ని ఏ పరీక్షతో కొట్టేశాం అన్నదానికివ్వండి. యూనియన్ వారికి ఇంకో విన్నపం. ఏటా సభలకి పిలిచే పెద్దల్లో ఒక్కరినైనా తగ్గించి, ఇలాంటి మేస్త్రినొకరిని పిలిచి ఫిజిక్సు ల్యాబు ముందు కుర్చీ వెయ్యండి. మైకక్కరలేదు, ఆయన గట్టిగానే మాట్లాడతాడు. ముక్కలైన పాత జీపు డిఫరెన్షియల్ ఒకటి ఊరికే ఇస్తానని కూడా ఒప్పుకున్నాడు. దాన్ని ఇక్కడిదాకా చేర్పించే లారీ కిరాయి మాత్రం యూనియనే పెట్టుకోవాలి.