సన్నని మేనికి కండబలము

గత మాసము మాకందిన జాబులలో నొకటి మమ్ము చాల సేపు ఆలోచనలో పడవేసినది. వ్రాసిన సోదరి వయస్సు ఇరువదియాఱేండ్లు. ఎత్తు 155 సెంటీమీటర్లు. బరువు 42 కిలోలు. పుట్టుకతోడనే సన్ననిదట, తల్లియు నట్లే. పెండ్లికి ముందు చూడవచ్చినవారు పుల్లవలె నున్నదనిరట. పెండ్లియైన పిదప, కోడలికి తిండి పెట్టుట లేదని నలుగురు ననుకొందురేమో యని అత్తగారి చింత. నేతి మిఠాయిలు, అరటిపండ్లు, డబ్బాలలో నమ్ము పొడులు అన్నియు నైనవి. కడుపుబ్బరము వచ్చినదే కాని కండ రాలేదు.

ఇంతవఱకు ఇట్టి జాబులు మాకు క్రొత్త కావు. కాని కడపట నామె వ్రాసిన సంగతి వేఱు. మూడేండ్ల కొడుకు నిద్రపోయినప్పుడు వానిని భుజముపై వేసికొని రెండవ అంతస్తు నెక్కుటకు నడుమ రెండుచోట్ల నిలువవలసి వచ్చుచున్నదట. చూచువారికొఱకు లావగుట తనకక్కఱలేదనియు, బిడ్డను మోయు బలము వచ్చు మార్గము చెప్పుడనియు నామె కోరినది. ఈ కోరిక మాకు మిక్కిలి న్యాయముగా దోచినది. కావున ఈ నెల మా పుటను దీనికే విడిచితిమి.

ముందుగా నొక హెచ్చరిక

సన్నదన మెల్ల వ్యాధి కాదు. కాని కొన్ని వ్యాధులు సన్నదనముగానే బయటపడును. ఉన్న బరువు కారణము తెలియక తగ్గిపోవుచున్నను, సాయంకాలపు జ్వరము, వీడని దగ్గు, గుండెదడ, అతిదాహము, బహిష్టు కాలమున అధిక రక్తస్రావము ఉన్నను మొదట వైద్యుని జూడవలెను. క్షయ, మధుమేహము, థైరాయిడు గ్రంథి మితిమీఱి పనిచేయుట, ఇవి మనిషిని కరగించును. రక్తహీనత మన స్త్రీలలో మఱింత సామాన్యము. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వఱకు గల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తము చాలదు. అట్టివారు ఎంత సాధన చేసినను ఆయాసమే మిగులును.

బరువు చాలునో చాలదో తెలిసికొనుటకు సులభమైన లెక్క యొకటి కలదు. ఎత్తును మీటర్లలో దీసికొని దానిని దానితోడనే హెచ్చింపవలెను. కిలోలలోని బరువును ఆ వచ్చిన సంఖ్యచే భాగింపవలెను. ఫలము 18.5 కన్న తక్కువయైనచో బరువు చాలదనుకొనవలెను. మా సోదరికి 17.5 వచ్చినది. ఆమె పరీక్షలన్నియు జేయించుకొన్నది. వ్యాధి యేదియు లేదని వైద్యులు చెప్పిరి.

పైన జెప్పిన సర్వేలోనే నూటికి దాదాపు 19 మంది స్త్రీలు ఈ హద్దునకు దిగువ నున్నట్లు తేలినది. వీరందఱును పుట్టు సన్ననివారే యని మేము నమ్మజాలము. అందఱికిని వడ్డించి, గిన్నె యడుగున మిగిలిన కూరతో నాలుగు ముద్దలు దిని చేయి కడుగుకొను తల్లులు మన యిండ్ల నెందఱో కలరు. పప్పు మగవారికి, పాలు పిల్లలకు, పలుచని మజ్జిగ తనకు. జాబు వ్రాసిన సోదరియు తన పగటి భోజనము మూడుగంటల కగునని మాటవరుసకు ఒకచోట వ్రాసినది. అది మాకు మాటవరుసగా దోపలేదు.

కొందఱికి కండ యేల పట్టదు?

అయినను పుట్టు సన్నదన మనునది లేకపోలేదు. 1999లో అమెరికాలోని మేయో క్లినిక్కున డాక్టరు జేమ్సు లెవీనును, ఆయన సహచరులును పదునాఱుగురికి ఎనిమిది వారములపాటు దినమునకు 1,000 కెలోరీల చొప్పున అదనముగా దినిపించి చూచిరి. ఒకరికి పెరిగిన క్రొవ్వు సుమారు 360 గ్రాములు మాత్రమే. మఱియొకరికి నాలుగు కిలోలకు మించినది. క్రొవ్వు పట్టనివారు తమకు తెలియకయే ఎక్కువగా కదలుచు, నిలుచుచు, అటునిటు దిరుగుచు తిన్నదానిని వ్యయపఱచుచుండిరని వారు కనుగొనిరి. కావున "ఎంత తిన్నను ఒంటబట్టదు" అని సన్ననివా రనునప్పుడు వారు సాకులు చెప్పుచున్నారని తలపరాదు.

అట్లని మిఠాయిలతో బరువు పెంచుటయు తగదు. 2004లో లాన్సెట్టు అను వైద్యపత్రికలో పూనా వైద్యుడగు చిత్తరంజన్ యాజ్ఞికును, ఆంగ్ల వైద్యుడగు జాన్ యుడ్కినును తామిద్దఱును ప్రక్కప్రక్కన నిలిచిన ఛాయాచిత్రము నొకదానిని ప్రకటించిరి. మేము పైన జెప్పిన లెక్క ఇద్దఱికిని 22.3 వచ్చినది. కాని దేహమునగల క్రొవ్వు యుడ్కినుకు 9.1 శాతము, యాజ్ఞికునకు 21.2 శాతము! చూపునకు సన్ననివారైనను లోన క్రొవ్వు హెచ్చుగను, కండ తక్కువగను ఉండుట మన దేశీయులలో తఱచు. ఇట్టివారికి చక్కెరయు నేయియు దట్టించినచో పొట్ట వచ్చును గాని చేతికి సత్తువ రాదు. త్రాసు చూపు బరువు పెరిగినంతనే సంతోషింపరాదు. ఆ బరువు కండయై పెరుగవలెను.

సాధన

కండ పెరుగుటకు రెండు కావలెను: మోయుటకు బరువు, నిర్మించుకొనుటకు ఆహారము. అలవాటు లేని బరువు మోపినప్పుడు కండలోని పోగులపై ఒత్తిడి పడును. విశ్రాంతి కాలమున దేహము ఆ పోగులను మునుపటికన్న దట్టముగా జేసికొనును. బరువు లేనిదే ఆహారము క్రొవ్వగును. ఆహారము లేనిదే బరువు అలసట యగును.

"తెల్లవాఱినది మొదలు పనియే గదా, వేఱే సాధన యేల?" అని మా పాఠకులలో కొందఱడుగుదురు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. మన అమ్మమ్మలు నూతినీరు తోడిరి, రోట దంచిరి, తిరుగలి త్రిప్పిరి. నేడు పట్టణపు టిండ్లలో కొళాయియు మిక్సీయు గ్రైండరును ఆ పనులను దీసికొన్నవి. మిగిలిన పని కాళ్ళను లాగునే కాని కండను పెంచదు. ఏలన నేటి చీపురు నిన్నటి చీపురంత బరువే. పూర్వము గ్రీకుల మల్లుడు మైలో యనువాడు ఒక లేగదూడను దినదినమును మోయుచుండెననియు, దూడ యెదిగినకొలది వాని బలమును పెరిగెననియు కథ కలదు. కథ యెట్లున్నను అందలి సూత్రము సత్యము. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులకు చికిత్స చేసిన అమెరికా వైద్యుడు థామస్ డిలార్మ్ బరువును క్రమముగా హెచ్చించు పద్ధతినే 1945లో ప్రకటించెను. నేటి వ్యాయామశాలల పద్ధతికి అదియే పునాది.

ఇంట జేయుటకు గట్టి గుడ్డసంచి యొకటి, తూచిన బియ్యము, వీపు లేని బల్ల యొకటి చాలును.

మొదటిది, బల్లపై గూర్చుండి చేతుల ఊత లేక లేచుట. అలవాటైన పిదప సంచిని ఱొమ్మున కదుముకొని లేవవలెను. రెండవది, నేలనుండి సంచి నెత్తుట. మోకాళ్ళు కొంచెము వంచి, తుంటికడ వంగి, వీపు నిటారుగా నుంచి, సంచిని కాళ్ళకు దగ్గఱగా బట్టి లేవవలెను. వీపు గూనుగా వంచి యెత్తరాదు. మూడవది, చేయిచాపు దూరమున నిలిచి గోడకు అరచేతు లానించి ఱొమ్మును గోడకడకు దెచ్చి మఱల నెట్టుట. ఇది సులువైనచో బల్ల నానుకొని, కడకు నేలపై దండీలు. నాలుగవది, ఒక చేయి బల్లపై ఊది వంగి, రెండవ చేతితో సంచిని నడుముకడకు లాగుట. అయిదవది, నీటి సీసాలను భుజములనుండి తలపైకెత్తుట.

ఒక్కొక్కదానిని ఎనిమిది మొదలు పండ్రెండుమార్లు చేసి, రెండు నిమిషములాగి, మఱల నంతయు జేయవలెను. నెల గడచిన పిదప మూడు విడతలు. కడపటి రెండుమార్లు కష్టము తోపవలెను. తోపనిచో బరువు చాలదన్నమాట. పండ్రెండును సుఖముగా నైననాడు సంచిలో అరకిలో బియ్యము కలుపవలెను. ఎత్తునప్పుడు ఊపిరి విడువవలెనే కాని బిగబట్టరాదు. వారమునకు రెండు మూడు దినములు చాలును. నడుమ ఒకనాడైన విశ్రాంతి యుండవలెను. మఱునాటి కండనొప్పి రెండు మూడు దినములలో తగ్గును. కీలులో పోటు పుట్టినచో మానవలెను. గర్భవతులు, క్రొత్తగా బాలింతలైనవారు, గుండెజబ్బు, గిలక, గర్భాశయము జాఱుట గలవారు వైద్యుని యడిగి మొదలిడవలెను.

ఆహారము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆరోగ్యవంతులకు కిలో బరువునకు దినము 0.83 గ్రాముల మాంసకృత్తులు నిర్ణయించిరి. 42 కిలోల స్త్రీకి అది సుమారు 35 గ్రాములు. కండ పెంచుకొనువారికి ఇంకను కావలెను. 2018లో 49 పరిశోధనలను గూర్చి చూచిన విమర్శకులు కిలోకు 1.6 గ్రాములకు మించి తిన్నందున అదనపు లాభము కానరాదనిరి. ఆ లెక్కను మా సోదరికి 67 గ్రాములు. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని మాట లేక ఇట్లు హెచ్చింపరాదు.

ఇంత ఎక్కడనుండి తెత్తుమని భయపడ నక్కఱలేదు. పావుకిలో బియ్యపు అన్నమున సుమారు 19 గ్రాములు, 60 గ్రాముల కందిపప్పున 13, రెండు గ్లాసుల పాలలో 13, ఏబది గ్రాముల వేరుసెనగపప్పున 12, రెండు కప్పుల పెరుగున 6, గుప్పెడు సెనగలలో 6. అంతయు గలిపి 69. గ్రుడ్లు తినువారికి ఒక్కొక్క గ్రుడ్డునను 6 గ్రాములు. పప్పు నీళ్ళవలె గాక గట్టిగా నుండవలెను, అదియే ముఖ్యము.

తిండి మొత్తమును దినమునకు 300 మొదలు 500 కెలోరీలు పెంచిన చాలును. ఏబది గ్రాముల వేరుసెనగపప్పును ఒక గ్లాసు గేదెపాలును ఈ లోటును దీర్చును. తక్కువ యాకలి గలవారు ఒక్కమాఱు కడుపు నింపుకొనక, మూడు భోజనముల నడుమ రెండు చిరుతిండ్లు దినవలెను. భోజనమునకు ముందు మజ్జిగతోను నీటితోను కడుపు నింపుకొనరాదు. అన్నముతోపాటు టీ త్రాగుట మానవలెను. అది ఆకుకూరలలోని ఇనుము నొంటబట్టనీయదు. ఏడుగంటల నిద్రయు ఆహారములో భాగమే యనుకొనుడు.

బరువు పెంచెదమని అమ్ము పేరులేని పొడులను, మాత్రలను ముట్టకుడు. అందు స్టీరాయిడు మందులు గలిపి పట్టువడినవి కలవు. ముఖము ఉబ్బి బలిసినట్లుండును. లోన ఎముకలు గుల్లయగును.

రెండు సందేహములు

బరువులెత్తిన స్త్రీకి మగపోలిక వచ్చునని కొందఱి భయము. కండను విశేషముగా బెంచు టెస్టోస్టెరోను అను రసము పురుషులలో స్త్రీలకన్న సుమారు పదునైదు రెట్లుండును. కావున మనకు కండ నెమ్మదిగా, మితముగా వచ్చును. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరిగారు 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గొనిరి. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమెయే. బాల్యమున బలహీనముగా నున్నదని తొలుత తన్ను చేర్చుకొనలేదని ఆమెయే చెప్పియున్నారు.

వయస్సు మీఱినదని మఱికొందఱి నిరాశ. 1990లో బోస్టనునందలి ఒక వృద్ధాశ్రమమున తొంబదియేండ్ల ప్రాయమువారిచే ఎనిమిది వారములు కాళ్ళతో బరువు లెత్తించిరి. వారి కాలిబలము సగటున 174 శాతము పెరిగినది. స్నానపుగదిలో జాఱి తుంటి విఱిగి మంచమెక్కిన పెద్దల నెఱుగని యిల్లు లేదు. ఆనాటి కాలిబలమును ఈనాడే కూడబెట్టుకొనవలెను.

ఓర్పు మాత్రము కావలెను. తొలి వారములలో బలము పెరుగును గాని చేయి లావుకాదు. అది నరములు పని నేర్చుకొను కాలము. కంటికి కనబడుటకు రెండు మూడు నెలలు పట్టును. నెలకు అరకిలో మొదలు ఒక కిలోవఱకు బరువు పెరిగిన మేలే.

మా సోదరి కుమారుడు 13 కిలోలట. ఆమె నాలుగు కిలోల సంచితో మొదలిడి వారమున కరకిలో చొప్పున గలుపుకొనుచు బోయినచో పదునెనిమిది వారములకు సంచి కుమారునంత యగును. ఈలోపల వాడును పెరుగును. మంచిదే, మైలో దూడయు నట్లే పెరిగినది. అత్తగారికి మా మనవి యొక్కటే: కోడలిని మూడుగంటలదాక నిలువనీయక, అందఱితోపాటు కూర్చుండబెట్టి, ఆమె విస్తరిలో గట్టిపప్పు వడ్డింపుడు. మెట్లపై ఎచ్చటను నిలువక పైకెక్కిననాడు మాకొక కార్డు వ్రాయుమని సోదరిని కోరుచున్నాము.