రాతి గచ్చు మీద అరమండి

బర్గూరులో రాయికి కొదవ లేదు. చుట్టుపట్ల క్వారీల్లో తీసిన గ్రానైటు దేశదేశాలకు పోగా మన ఇళ్లలోనూ పరుచుకుంటున్నాం. చల్లగా ఉంటుంది, తుడిస్తే అద్దంలా మెరుస్తుంది. ఆ గచ్చు మీదే సాయంత్రంపూట మన ఆడపిల్లలు భరతనాట్యం నేర్చుకుంటున్నారు. పిల్లలకు నాట్యం నేర్పించడం ఎంత మంచిదో, ఆ గచ్చు మీద నేర్పించడం అంత చెడ్డది.

తట్టడవు చూడండి. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చుని, కాలు వెనక్కి మడిచి లేపి, పాదం మొత్తం ఒక్కసారిగా నేలకు కొట్టాలి. టీచరు తట్టుకళితో తాళం వేస్తుంటే ముందు మెల్లగా, తర్వాత రెండింతల వేగంతో, ఆపైన నాలుగింతలు. కాలికి చెప్పు లేదు, మేజోడు లేదు. రాయి ఇసుమంతైనా దిగదు. కొట్టిన దెబ్బ కొట్టినట్టే మడమ నుంచి మోకాలికి, మోకాలి నుంచి నడుముకు ఎక్కుతుంది. తరగతి అయ్యాక గోడకు ఆనుకున్న పిల్లను గమనించండి. మోకాలి కింద, కాలి ముందరి ఎముక మీద, బొటనవేలితో ఒకే చోట నొక్కుకుంటూ ఉంటుంది. ఎముకలో సన్నని చీలిక మొదలై ఉండొచ్చు. తొలి వారాల్లో అది ఎక్స్‌రేకు అందకపోవచ్చు కూడా. ఎక్స్‌రే బాగానే ఉంది, ఇదంతా బద్ధకం అని మనం ఆ పిల్లను మళ్లీ తరగతికి తోలేస్తాం. నాకు కడుపు మండేది అక్కడే.

బ్యాలే వాళ్ల కష్టం ఇంతకన్నా తక్కువేమీ కాదు. ఒంటి బరువంతా కాలివేళ్ల కొసల మీద మోస్తారు. అన్నా పావ్లోవా అంతటి బ్యాలే నర్తకి, పాదాల వంపు మరీ ఎక్కువై, బూట్లలో గట్టి తోలు పెట్టించుకోవాల్సి వచ్చింది. చిటికెనవేలి వైపు పాదపు ఎముక విరిగితే దానికి డాన్సర్స్ ఫ్రాక్చర్ అన్న పేరే స్థిరపడింది. అయితే వాళ్లు నేల సంగతి పట్టించుకున్నారు. చెక్క పలకల కింద ఖాళీ వదిలి, రబ్బరో స్పాంజో పెట్టి, అడుగు పడితే కాస్త దిగి లేచేలా కడతారు. నాట్యకారుల వైద్యం కోసం 1990లోనే అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. పావ్లోవా ప్రోత్సాహంతో, ఆమె బృందంలోని క్లియో నార్డి దగ్గర బ్యాలే నేర్చుకున్న రుక్మిణీదేవి 1936లో భరతనాట్యం నేర్పే కళాక్షేత్రం స్థాపించారు. అంత దగ్గరి చుట్టరికం ఉండి కూడా ఆ నేల మాత్రం మన ఊళ్లదాకా రాలేదు.

మన వైపు ద్రౌపదమ్మ తిరనాళ్లలో భారతం ఆడే కూత్తు కళాకారులు కర్ర కిరీటం, భుజకీర్తులు కట్టుకుని తెల్లవార్లూ గిరగిరా తిరుగుతారు. వాళ్ల మోకాళ్లూ అరుగుతాయి, నడుములూ పట్టేస్తాయి. అయినా కాళ్ల కింద మట్టి ఉంటుంది.

నేల ఒక్కటే కాదు. అరమండి తొంటి దగ్గర విచ్చుకోవాలి. తొంటి అమరిక అందరికీ ఒకేలా ఉండదు. విచ్చుకోని పిల్ల పాదాలను బలవంతాన పక్కలకు తిప్పితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మోకాలు కాలివేళ్ల వైపుకే వంగుతోందా లేదా అన్నది టీచరు రోజూ చూడాల్సిన విషయం. అరంగేట్రానికి సన్నబడాలని సంగటి మానిపించే తల్లులకు ఇంకో మాట. ఆట పెరిగి తిండి తగ్గితే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడొచ్చు.

మన ఊరి బట్టల అంగళ్లలో అరంగేట్రానికి పట్టుచీరలు కొంటాం, ఫ్లెక్సీలు కట్టిస్తాం, వచ్చినవాళ్లందరికీ భోజనాలు పెడతాం. అందులో కొంత తీసి ముందే వడ్రంగిని పిలిస్తే తరగతి గదికి చెక్క నేల వస్తుంది. గ్రానైటు మీద నేరుగా ప్లైవుడ్ పరిస్తే చాలదు, కింద బద్దలు, రబ్బరు ముక్కలు వేయించాలి. పదిమంది తల్లిదండ్రులు చెయ్యి కలిపితే అయ్యే పనే ఇది. పిల్లను చేర్చడానికి వెళ్లినప్పుడు ఫీజు ఎంతని అడిగే ముందు చెప్పులు విప్పి, ఆ నేల మీద మీరే నాలుగు అడుగులు గట్టిగా కొట్టి చూడండి.